పగలు గురువు... రాత్రి శిష్యుడు!

ఐర్లండ్ పల్లెల్లో ఆట నేర్పబోయి పాట నేర్చుకుంటున్న పరదేశీ శిక్షకులు

సాయంత్రం ఆరు గంటలు. చినుకులు పడుతున్నా మైదానంలో ఇరవైమంది పిల్లలు. ఈల ఊది ఆపేదీ ఆయనే, పరుగెత్తించేదీ ఆయనే. "తల పైకెత్తి చూడు, కంగారు పడకు, ముందు నెమ్మదిగా చెయ్యి" అని గదమాయించేదీ ఆయనే. పిల్లలకు ఆయన మాటే వేదం.

రాత్రి ఎనిమిదయ్యేసరికి సీను మారిపోతుంది. ఊరి పానశాలలో ఒక మూల బల్ల చుట్టూ ఫిడేళ్ళు, వేణువులు, ఒక తప్పెట. అందరికంటే వెనుక గోడకానుకుని కూర్చున్నది ఆ శిక్షకుడే. చేతిలో ఆరు రంధ్రాల రేకు పిల్లనగ్రోవి. ఊదడానికి ధైర్యం చాలదు. సాయంత్రం ఆయన దగ్గర బంతి పట్టడం నేర్చుకున్న పదేళ్ళ పిల్ల తండ్రి పక్కన కూర్చుని ఫిడేలు వాయిస్తుంటుంది. ఆయన తప్పు వేలు ఎత్తితే ఆ పిల్లే చూసి నవ్వుతుంది. "కంగారు పడకు, ముందు నెమ్మదిగా" అని ఈసారి చెప్పడం ఆ పిల్ల వంతు, వినడం ఆయన వంతు.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఆటలు నేర్పడానికి ఐర్లండ్ వెళ్ళి, అక్కడి పాతకాలపు సంగీతం మీద మనసు పడిన పరదేశీయుడెవరైనా ఎదుర్కోవలసిన పరీక్ష ఇది. ఆ పరీక్షలో నెగ్గినవాడిని ఊరు తనవాడిగా చూస్తుంది.

ఎవరీ శిక్షకులు?

ఐర్లండ్ చిన్న దేశమైనా ఆటల పిచ్చి పెద్దది. మన పాఠకులకు 2011 మార్చి 2వ తేదీ గుర్తుండే ఉంటుంది. ప్రపంచకప్ క్రికెట్‌లో బెంగుళూరు మైదానంలో ఇంగ్లండ్ 327 పరుగులు చేస్తే, ఐర్లండ్ ఆ లక్ష్యాన్ని దాటి లోకాన్ని నివ్వెరపరచింది. కెవిన్ ఓబ్రియన్ 50 బంతుల్లో సెంచరీ చేశాడు. ఆనాటి ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినది ఐర్లండ్ మనిషి కాదు, వెస్టిండీస్ మాజీ ఆటగాడు ఫిల్ సిమ్మన్స్. ఇలా బయటి దేశాల నుంచి కోచ్‌లను తెచ్చుకోవడం అక్కడ కొత్త కాదు. రగ్బీ జట్టుకు న్యూజిలాండ్ వాడు, ఫుట్‌బాల్ జట్టుకు ఇంగ్లండ్ వాడు శిక్షణ ఇచ్చిన సందర్భాలున్నాయి.

అయితే పేపర్లలో పేర్లు పడేవారు కొద్దిమందే. పేరు పడనివారు ఎందరో. ముఖ్యంగా బాస్కెట్‌బాల్ క్లబ్బులు అమెరికా కుర్రాళ్ళను, అమ్మాయిలను తమ జట్లలోకి తీసుకుంటాయి. వీరు ఒకటి రెండు సీజన్లు ఆడి వెళ్తారు. ఆడటంతో పాటు చుట్టుపక్కల బడుల్లో పిల్లలకు శిక్షణ ఇవ్వడం చాలామందికి పనిలో భాగం. కొందరు కాలేజీలో పై చదువు చదువుకుంటూ ఈ పని చేస్తారు.

వెళ్ళగానే మైదానంలోకి దిగడం కుదరదు. పిల్లలతో పనిచేసే ప్రతి మనిషీ, స్వదేశీ అయినా పరదేశీ అయినా, ముందుగా పోలీసు విచారణలో మచ్చ లేనివాడని తేలాలి. ఈ విచారణకు అక్కడ 2012లో చేసిన చట్టమే ఉన్నది. బాలల రక్షణపై శిక్షణ కూడా పొందవలసి ఉంటుంది. ఈ కాగితాలన్నీ పూర్తయ్యాకే ఈల చేతికొస్తుంది.

కాగితాలు పూర్తయినా ఊరు మాత్రం వెంటనే దగ్గరకు రాదు. అందుకు కారణం తెలియాలంటే ఆ పల్లెల తీరు కొంత తెలియాలి.

ఒకే ఊరు... రెండు విద్యలు

1884 నవంబరు 1వ తేదీన టిప్పరరీ జిల్లా థర్లస్ పట్టణంలోని ఒక హోటలులో కొద్దిమంది సమావేశమై గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. దీనికి పూనుకున్నది క్లేర్ జిల్లాలో పుట్టిన మైకేల్ క్యూసక్ అనే ఉపాధ్యాయుడు. ఆనాడు దేశం ఇంగ్లండ్ ఏలుబడిలో ఉన్నది. దొరల ఆటల ముందు తమ పాత ఆటలు చచ్చిపోకూడదన్నది ఆయన పట్టుదల.

ఆ పాత ఆటల్లో మొదటిది హర్లింగ్. జట్టుకు 15 మంది. చేతిలో వెడల్పు తల గల కర్ర. అది మన హాకీ కర్రకు దూరపు చుట్టం. బంతిని నేలమీదే కొట్టాలన్న నియమం లేదు. గాలిలోనే కొట్టవచ్చు, చేత్తో పట్టవచ్చు, కర్ర తలపై నిలిపి పరుగెత్తవచ్చు. రెండవది గేలిక్ ఫుట్‌బాల్. ఈ ఆటలకు పెద్ద పోటీలు జరిగే డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో 80 వేల మందికి పైగా కూర్చోవచ్చు. ఫైనల్ నాడు ఆ మైదానం కిటకిటలాడుతుంది. ఆశ్చర్యం ఏమంటే, అంతమంది ముందు ఆడే ఆటగాడికి ఆటకు జీతం లేదు. సోమవారం పొద్దుటికల్లా ఆయన బడికో, పొలానికో, ఆఫీసుకో పోవలసిందే.

ఈ సంఘానికి పునాది పల్లె. అక్కడ ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళను పారిష్ అంటారు. పారిష్‌కొక క్లబ్బు. పుట్టిన ఊరికే ఆడటం ఆనవాయితీ. డబ్బు పోసి పక్క ఊరి ఆటగాడిని కొనుక్కోవడం ఉండదు. పిల్లలకు నేర్పేది ఊరి పెద్దలే, అదీ ఉచితంగా.

పాట కూడా ఇదే చూరు కింద ఉన్నది. ఇదే ఆటల సంఘం 1969 ప్రాంతంలో 'స్కోర్' అనే పోటీలను మొదలుపెట్టింది. క్లబ్బుకూ క్లబ్బుకూ మధ్య వాద్యం, పాట, నాట్యం, చెప్పే కథ, క్విజ్‌లలో పోటీ. మైదానంలో తలపడ్డ ఊళ్ళే చలికాలంలో వేదికపైనా తలపడతాయి.

క్లేర్ జిల్లాలోని ఫీకల్ ఇందుకు మంచి ఉదాహరణ. 1914 తర్వాత క్లేర్ జట్టు అఖిల ఐర్లండ్ హర్లింగ్ కప్పు ముఖం చూడలేదు. 81 ఏళ్ళ తర్వాత, 1995లో ఆ కప్పును సాధించిపెట్టిన మేనేజరు జెర్ లాక్‌నాన్ ఫీకల్ వాడు. వృత్తిరీత్యా బడిపంతులు. లోకమంతటా పేరున్న ఫిడేలు విద్వాంసుడు మార్టిన్ హేస్ కూడా ఆ ఫీకల్ ప్రాంతం వాడే. ఒకే మట్టిలో రెండు విద్యలు మొలిచాయి.

కాబట్టి ఆ ఊళ్ళో ఆట నేర్పేవాడికి పాట గురించి ఏమీ తెలియకపోతే, అతనికి ఊరు సగమే కనిపిస్తుంది.

ఆరిపోబోయిన దీపం

ఈ సంగీతం మీద ఊరివారికి అంత మమకారం ఎందుకంటే, అది ఒకనాడు చేజారిపోబోయింది.

1841 జనాభా లెక్కల్లో ఐర్లండ్ దీవిలో 81 లక్షలకు పైగా జనం ఉండేవారు. 1845 నుంచి బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కరువు వచ్చింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు. మరో పది లక్షల మంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు. ఆ వలస తర్వాత కూడా ఆగలేదు. ఈనాటికీ ఆ దీవి జనాభా 1841 నాటి సంఖ్యకు చేరలేదు. పోయినవారితో పాటు పాటలు కూడా పోయాయి.

మిగిలినవారు రాత్రిళ్ళు ఇళ్ళలో, వంటగదుల్లో చేరి వాయించుకుంటూ నాట్యమాడేవారు. 1935లో బహిరంగ నాట్యశాలలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. దాని దెబ్బకు ఇళ్ళలో జరిగే నాట్యాలు కూడా సన్నగిల్లాయి. సంగీతం ముసలివారి మూల సొత్తుగా మారింది.

1951లో మల్లింగర్ పట్టణంలో కొందరు వాద్యకారులు పూనుకుని ఒక సంఘాన్ని స్థాపించి, ఏటా సంగీతోత్సవం జరపడం ఆరంభించారు. 'ఫ్లా క్యోల్' అనే ఆ ఉత్సవానికి నేడు లక్షల్లో జనం వస్తున్నారు. 1968లో మోచేతి తిత్తితో గాలి ఊదే ఇలన్ పైప్స్ వాద్యకారులు తమకంటూ సంఘం పెట్టుకునేనాటికి, ఆ వాద్యం వాయించేవారు నూరుమంది లోపే మిగిలారని చెబుతారు. 2017లో ఆ వాద్య కళను, 2018లో హర్లింగ్ ఆటను యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆటా పాటా ఏడాది తేడాతో ఒకే జాబితాకెక్కాయి.

చెవితోనే చదువు

శిక్షకుడికి అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. బడిలో నొటేషన్ నేర్చుకుని వచ్చినా ఈ సంగీతం లొంగదు. కాగితం మీద స్వరాలుంటాయి గాని నడక ఉండదు. ఆ నడక చెవిన పడితేనే వస్తుంది.

గురువు చిన్న ముక్క వాయిస్తాడు. శిష్యులు వెనువెంట వాయిస్తారు. రాకపోతే మళ్ళీ అదే ముక్క. వచ్చాక రెండో ముక్క. చివరకు అన్నీ కలిపి దండ గుచ్చినట్టు గుచ్చుతారు. ఒక్కొక్క వరుసకు సాధారణంగా రెండు భాగాలు. భాగానికి ఎనిమిది ఆవర్తాలు. ఒక్కొక్క భాగం రెండేసి సార్లు. ఆ వరుసను రెండు మూడుసార్లు తిప్పి, ఆపకుండానే మరో వరుసలోకి దూకుతారు. కొత్తవాడు ఆ దూకే చోటే బోల్తా పడతాడు.

నడకలూ వేరువేరు. జిగ్ అనేది మూడేసి దెబ్బల విరుపుతో గంతులు వేస్తూ పోతుంది. రీల్ నాలుగేసి దెబ్బలతో వాగులా పరుగెడుతుంది. హార్న్‌పైప్ నిదానంగా ఊగుతూ నడుస్తుంది. కొత్త చెవికి మొదట్లో అన్నీ ఒకేలా వినిపిస్తాయి.

వాద్యాల్లో చౌకైనది టిన్ విజిల్. మన పిల్లనగ్రోవిని అడ్డంగా కాక నిలువుగా పట్టినట్టుంటుంది. చాలామంది దీనితోనే మొదలుపెడతారు. అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో చాలాచోట్ల పిల్లలకు దీన్ని నేర్పుతారు. ఉద్యోగాల మీద ఐర్లండ్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు వెళ్ళేదీ ఆ బడులకే. మేకతోలు బిగించిన బోరాన్ అనే తప్పెట మన కంజీరకు పెద్దన్న వంటిది. దాన్ని చిన్న పుల్లతో వాయిస్తారు. సులువని కొత్తవారు దానిమీద పడతారు. కాని తాళం తప్పిన బోరాన్ ఒక్కటి చాలు, బల్ల చుట్టూ ఉన్న పదిమంది మొహాలు మాడిపోవడానికి.

ఆ బల్ల దగ్గర రాయని నియమాలు కొన్ని ఉన్నాయి. పిలవనిదే ముందువరుసలో కూర్చోకూడదు. తెలియని వరుస వస్తే వాద్యం ఒడిలో పెట్టుకుని వినాలి. పెద్దవారు మొదలుపెట్టిన వరుస వేగాన్ని మార్చకూడదు. గొప్ప కోసం ఒక్కడే చెలరేగకూడదు. పైప్స్ వాయించేవాడు ఏడేళ్ళు నేర్చుకోవాలి, ఏడేళ్ళు సాధన చేయాలి, ఏడేళ్ళు వాయించాలి, అప్పుడే వాద్యకారుడని ఒక నానుడి. ఏడాది వీసా మీద వచ్చిన కోచ్ ఆ ఇరవై ఒక్క ఏళ్ళలో తన వాటా ఎంతో లెక్క వేసుకోవలసిందే.

సిగ్గు విడిస్తేనే విద్య

ఆట నేర్పేవాడికి ఒక జబ్బు ఉంటుంది. తనకు చిన్నప్పుడే వచ్చిన పని ఎదుటివాడికి ఎందుకు రాదో అర్థం కాదు. పిల్లవాడు బంతి జారవిడిస్తే విసుగు వస్తుంది. అదే శిక్షకుడు రాత్రికి వేలు కదలక, ఊపిరి చాలక, నలుగురిలో అపస్వరం ఊది చెవులు ఎర్రబడేలా సిగ్గుపడినప్పుడు, సాయంత్రం ఆ పిల్లవాడి గుండెలో ఏం జరిగిందో తెలిసివస్తుంది. మర్నాడు మైదానంలో గొంతు కొంచెం తగ్గుతుంది.

ఇంకొక సంగతి కూడా ఉన్నది. మైదానంలో చివరివరుసలో నిలబడే పిల్ల, బంతిని చూసి బెదిరే పిల్లవాడు రాత్రి ఫిడేలు పట్టేసరికి పెద్దలకు దీటుగా కూర్చుంటారు. మైదానం మాత్రమే చూసినవాడికి వారు పనికిరాని పిల్లలు. రెండు చోట్లా చూసినవాడు అలా అనలేడు. ఆ పిల్ల తాళం ఎరిగినదని తెలిసిన శిక్షకుడు, పరుగు అడుగులను కూడా తాళం లెక్కన చెప్పిచూస్తాడు. కొన్నిసార్లు అది పనిచేస్తుంది. పని చేయకపోయినా, తనను ఒక మనిషి గమనించాడన్న ధైర్యం ఆ పిల్లకు మిగులుతుంది.

తల్లిదండ్రులూ గమనిస్తారు. తమ పిల్లలకు నేర్పవచ్చిన పరదేశీ, తమ పాటను తీసిపారేయకుండా చేతులు కట్టుకుని నేర్చుకుంటున్నాడంటే, వారి కళ్ళలో అతని విలువ పెరుగుతుంది. ఆట గెలిచినందుకు వచ్చే మర్యాద ఓడిననాడు పోతుంది. ఇది అలా పోయేది కాదు.

పోయినవారు... వచ్చినవారు

ఈ రాకపోకలు ఒకవైపే సాగలేదు. కార్క్ జిల్లాలో 1848లో పుట్టిన ఫ్రాన్సిస్ ఓనీల్ కుర్రతనంలోనే ఓడలెక్కి, చివరకు అమెరికాలోని చికాగో నగరానికి 1901లో పోలీసు అధిపతి అయ్యాడు. వలస వచ్చిన తన దేశస్థుల నోటినుంచి, వాద్యాలనుంచి వరుసలను సేకరించాడు. ఆయనకు స్వరాలు రాయడం రాదు. ఆయన వాయించి వినిపిస్తే, అదే ఇంటిపేరున్న మరో పోలీసు ఉద్యోగి జేమ్స్ ఓనీల్ రాసేవాడు. 1903లో అచ్చయిన వారి పుస్తకంలో 1,850 వరుసలున్నాయి. ఇంటిదగ్గర ఆరిపోతున్న దీపాన్ని పరాయి గడ్డమీద కాపాడారు.

ఆటల్లోనూ అంతే. ఐర్లండ్‌కు చెందిన కోమ్ ఓకానెల్ అనే క్రైస్తవ బ్రదర్ 1976లో కెన్యాలోని ఇటెన్ ఊరికి బడిపంతులుగా వెళ్ళాడు. పరుగు పందాల శిక్షణలో ఆయనకు అనుభవం లేదు. అక్కడి పిల్లలు పరుగెత్తడం చూస్తూ, వారినుంచే నేర్చుకుంటూ శిక్షకుడయ్యాడు. ఆయన దగ్గర తయారైన డేవిడ్ రుడిషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లను 1 నిమిషం 40.91 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించాడు. నేర్పడానికి వెళ్ళినవాడు ముందు నేర్చుకోవాలన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

బయటినుంచి వచ్చి ఆ మట్టిలో కలిసిపోయినవారూ ఉన్నారు. షాన్ ఓగ్ ఓ హాల్పీన్ పుట్టినది ఫిజీలో. తల్లి ఫిజీ ఆవిడ, తండ్రి ఐర్లండ్ వాడు. చిన్నతనంలో ఆస్ట్రేలియాలో పెరిగి కార్క్ చేరేనాటికి హర్లింగ్ కర్ర పట్టడం తెలియదు, ఐరిష్ భాష రాదు. రెండూ నేర్చుకున్నాడు. 2005లో కార్క్ జట్టు కెప్టెన్‌గా అఖిల ఐర్లండ్ కప్పు అందుకుని, క్రోక్ పార్కులో వేలాదిమంది ముందు ఐరిష్ భాషలోనే ప్రసంగించాడు.

జూలై వచ్చిందంటే...

క్లేర్ జిల్లా సముద్రతీరాన మిల్‌టౌన్ మాల్‌బే అనే చిన్న ఊరుంది. విల్లీ క్లాన్సీ అనే పైప్స్ విద్వాంసుడు ఆ ఊరివాడే. వృత్తి వడ్రంగం. 1973 జనవరిలో ఆయన చనిపోతే, ఆ ఏడే ఆయన పేరిట వేసవి సంగీత పాఠశాల పెట్టారు. అప్పటినుంచి జూలై వచ్చిందంటే దేశదేశాలనుంచి విద్యార్థులు ఆ ఊరికి చేరుతారు. బడి గదులు, ఊరి హాళ్ళు, ఇళ్ళు అన్నీ తరగతులే. పొద్దున పాఠం, రాత్రి వాద్యం. ఆటల సీజనులో చెమటోడ్చిన శిక్షకుడు అక్కడికి వెళితే, ఏడేళ్ళ పిల్లల పక్కన బల్లమీద కూర్చోవలసిందే. వయసుకు, హోదాకు అక్కడ వేరే వరుస లేదు.

అయితే పడమటి పల్లెల్లో నేడు ఒక దిగులున్నది. పిల్లలు తగ్గారు. చదివినవారు డబ్లిన్‌కో, ఆస్ట్రేలియాకో పోతున్నారు. పదిహేనుమంది దొరక్క, తరతరాలుగా పోటీపడ్డ రెండు ఊళ్ళు కలిసి ఒకే జట్టు దించవలసి వస్తున్న చోట్లున్నాయి. అటువంటి ఊరికి ఆట నేర్పే మనిషి రావడమే గొప్ప. వచ్చినవాడు రాత్రి పాటలో కూడా ఒక కుర్చీ నింపితే మరీ గొప్ప. అందుకే ఊరు అతని అపస్వరాలను ఓర్చుకుంటుంది.

సీజను అయిపోతుంది. వీసా గడువు దగ్గరపడుతుంది. చివరి రాత్రుల్లో ఒకనాడు బల్ల దగ్గర వాద్యాలు ఆగినప్పుడు, ఒక ముసలాయన వెనక్కి తిరిగి "ఏదీ, ఈసారి నువ్వు మొదలెట్టు" అంటాడు. ఆ కొలువులో అంతకుమించిన సన్మానం లేదు. శాలువా ఉండదు, దండ ఉండదు. శిక్షకుడు ఊపిరి పీల్చి తనకొచ్చిన నాలుగైదు వరుసల్లో ఒకటి నెమ్మదిగా మొదలుపెడతాడు. రెండో ఆవర్తానికి ఫిడేళ్ళు అందుకుంటాయి. ఆ పదేళ్ళ పిల్ల కూడా అందుకుంటుంది.

రేపు ఆ పిల్ల కూడా పెద్దదై ఏ బోస్టన్‌కో, సిడ్నీకో పోవచ్చు. అక్కడ పరాయి పిల్లలకు బంతి పట్టడం నేర్పవచ్చు. ఆనాడు ఆ పిల్లలకు చెప్పవలసిన మొదటి మాట ఆమెకు ఇప్పుడే తెలుసు. కంగారు పడకు, ముందు నెమ్మదిగా.